చిన్న పరిశ్రమలు, సుస్థిరాభివృద్ధి: 384 ప్రశ్నపత్రాలు పంచితే అప్లైడ్ రీసెర్చ్ అవుతుందా?

కూకట్‌పల్లి_స్కాలర్

అందరికీ నమస్కారం. బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌లో పీహెచ్‌డీ, సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) దశ. శీర్షిక "హైదరాబాద్ ఎంఎస్ఎంఈలలో సుస్థిర వ్యాపార పద్ధతులు, సంస్థ పనితీరు, జాతీయాభివృద్ధి" (ఎంఎస్ఎంఈ అంటే సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలు). జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి వాడల్లో 384 మంది యజమానులకు 42 ప్రశ్నలు, ఐదు పాయింట్ల స్కేలు, ఆ తర్వాత ఎస్ఈఎం మోడల్ (అనేక అంశాల మధ్య సంబంధాలను ఒకేసారి అంచనా వేసే గణాంక నమూనా). కమిటీ ఒక్క మాటే అడిగింది: "ఇందులో అప్లైడ్ ఏది?" అంటే ఆచరణలో పనికొచ్చేది ఏది అని. ప్రశ్నపత్రం మార్చాలా, శీర్షిక మార్చాలా, మొత్తం డిజైనే మార్చాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

గుణకం

మొహమాటం వద్దన్నారు కాబట్టి: డిజైనే.

ముందు 384 సంగతి. అది క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ఇచ్చిన పట్టికలోది. పది లక్షల జనాభాలో ఏదైనా ఒక శాతాన్ని, 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాలో పట్టుకోవడానికి కావలసిన శాంపిల్. అదీ సింపుల్ రాండమ్‌గా తీస్తేనే. మీరు అడుగుతున్నది శాతం కాదు, ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందని. దానికీ 384కీ చుట్టరికం లేదు. మన సినాప్సిస్‌లలో ఆ అంకె పెళ్లిపత్రిక మీద వినాయకుడి బొమ్మలా స్థిరపడిపోయింది, అంతే.

రెండోది, రాండమ్‌గా తీయడానికి జాబితా ఏది? ఉద్యం (ఎంఎస్ఎంఈల కేంద్ర నమోదు) జాబితా అంటారు. అందులో ఉండేది ఎంటర్‌ప్రైజ్, షెడ్డు కాదు. ఒక ఎంటర్‌ప్రైజ్‌కు మూడు షెడ్లు ఉండొచ్చు. చిరునామా యజమాని ఇంటిది కావచ్చు. 2021 జులై నుంచి రిటైల్, హోల్‌సేల్ వ్యాపారులు కూడా అందులో ఉన్నారు. ఎన్ఐసీ (పరిశ్రమల జాతీయ వర్గీకరణ) కోడ్ 10 నుంచి 33 దాకా వడపోస్తే తయారీ రంగం మిగులుతుంది. అందులోనూ మూతపడ్డవి, పటాన్‌చెరు వైపు తరలిపోయినవి ఎన్నో వీధిలోకి వెళ్తే తప్ప తెలియదు. కాబట్టి రెండు మూడు వీధులు ఎంచుకుని, గేటు గేటుకూ తిరిగి సొంత జాబితా రాసుకోవడమే దారి. ఇద్దరు మనుషులు వారం రోజులు తిరిగితే మూడు నాలుగు వందల గేట్లు వస్తాయి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. "మేం సుస్థిర పద్ధతులు పాటిస్తాం", "మా పనితీరు బాగుంది" అనే రెండు జవాబులూ ఒకే మనిషి, ఒకే కాగితం మీద, ఒకే పది నిమిషాల్లో ఇస్తాడు. ఆ రెంటి మధ్య వచ్చే సంబంధంలో సగం అతని ఆ రోజు మూడ్. హార్మన్ పరీక్ష ఒకటి చేసి "కామన్ మెథడ్ బయాస్ (అన్నీ ఒకే చోట అడగడం వల్ల వచ్చే వక్రత) లేదు" అని రాస్తే ఆ మూడ్ ఎక్కడికీ పోదు. క్రాన్‌బాక్ ఆల్ఫా (జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తాయో చెప్పే కొలత) 0.95 వచ్చిందని సంతోషించేవాళ్లను చూస్తుంటాం. అంత వచ్చిందంటే చాలాసార్లు ఒకే ప్రశ్నను ఎనిమిది రకాలుగా అడిగారని అర్థం.

లేత్_షెడ్డు

గుణకం సారు చెప్పింది కాయితం మీది లెక్క. షెడ్డుల ఏమైతదో నేను చెప్త. పొద్దున పదకొండు గంటలకు 42 ప్రశ్నల కాయితం ఇస్తే ఓనర్ దాన్ని అకౌంటెంట్ దిక్కు నూకుతడు. అకౌంటెంట్ అన్నిట్ల 4 మీద టిక్కు గొడ్తడు. మీకు గది డేటా.

గదే అకౌంటెంట్‌ను 24 నెలల కరెంటు బిల్లుల ఫైల్ అడుగుండ్రి, ఐదు నిమిషాల్ల టేబుల్ మీద పెడ్తడు. కాకుంటే దాన్ని సదువుడు రావాలె:

హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు మీద లెక్క కేవీఏహెచ్‌ల (లైన్ నుంచి లాగిన మొత్తం) ఉంటది, కేడబ్ల్యూహెచ్ (పనికి వాడుకున్న కరెంట్) కాదు. కెపాసిటర్ బ్యాంక్ మంచిగ చేయించిన నెల నుంచి యూనిట్లు తగ్గినట్టు కనవడ్తది. మోటార్ వాడుకున్న కరెంట్ తగ్గలే, పవర్ ఫ్యాక్టర్ మారింది. అది సుస్థిరత అని రాసుకోకుండ్రి. ఆర్ఎండీ (ఆ నెల ఎక్కిన గరిష్ఠ డిమాండ్), సీఎండీ (ఒప్పందంల రాసుకున్న గరిష్ఠ డిమాండ్) రెండూ నోట్ చేసుకోవాలె. పని లేకున్నా డిమాండ్ చార్జీ పడ్తది గనక బిల్లు రూపాయలతోని కొలవద్దు, కేడబ్ల్యూహెచ్ యూనిట్లతోని కొలవాలె.

ఒక్క మీటర్ మీద రెండు షెడ్లు నడుస్తయి, ఎనకాల భాగం కిరాయికి ఇచ్చి ఉంటరు. అడగకుంటే చెప్పరు. డీజిల్ జనరేటర్ ఉంటే బంకు స్లిప్పులు గూడ కావాలె.

అన్నిటికన్న పెద్ద మోసం జాబ్ వర్క్. కస్టమర్ మెటీరియల్ పంపిస్తే మనం కోసి ఇచ్చేది కూలి మాత్రమే బిల్లు అయితది. సొంత మెటీరియల్ పెట్టి చేసినోనికి అదే పీసుకు నాలుగైదింతలు టర్నోవర్ చూపిస్తది. "రూపాయి అమ్మకానికి ఎన్ని యూనిట్లు" అని లెక్క తీస్తే జాబ్ వర్క్ చేసేటోడు దేశద్రోహి లెక్క కనవడ్తడు. మెషిన్ గంటకో, కిలోకో లెక్క తియ్యుండ్రి.

నీడ_ధర

జాబ్ వర్క్ గురించి పైన చెప్పింది బంగారం లాంటి మాట. దాన్నే అర్థశాస్త్రం వైపు నుంచి చెబితే: హారంలో టర్నోవర్ కాదు, జోడించిన విలువ ఉండాలి. అమ్మకంలోంచి ముడిసరుకు, కరెంటు, బయట చేయించిన పని తీసేస్తే మిగిలేది. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 9.4.1 సూచిక కూడా అదే అడుగుతుంది, ఒక యూనిట్ జోడించిన విలువకు ఎంత కార్బన్ డయాక్సైడ్ అని. మీరు అదే హారం వాడితే మీ షెడ్డు అంకె, కేంద్ర గణాంక శాఖ జాతీయ సూచికల చట్రంలోని అంకె ఒకే భాషలో మాట్లాడతాయి. కరెంటును కార్బన్‌గా మార్చడానికి సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ఏటా ఇచ్చే గ్రిడ్ గుణకం వాడండి, యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. ఏ వెర్షన్ వాడారో రాయండి, రెండేళ్లకూ ఒకటే వాడండి. లేకపోతే గ్రిడ్‌లో పెరిగిన సోలార్ మీ యజమాని గొప్పతనంగా లెక్కకొస్తుంది. డీజిల్ లీటరుకు 2.68 కిలోలు.

"జాతీయాభివృద్ధి" అని ఒక డబ్బా గీసి, దానికి ఐదు ప్రశ్నలు పెట్టి, షెడ్ల నుంచి బాణం గీయడం మాత్రం మానేయండి. "మా సంస్థ దేశాభివృద్ధికి తోడ్పడుతోంది" అంటే కాదని టిక్కు పెట్టే యజమాని ఈ దేశంలో ఉండడు.

పోలికకు ద్వితీయ డేటా కావాలంటే ఒక జాగ్రత్త. యాన్యువల్ సర్వే ఆఫ్ ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైన వాటిది, అంటే కరెంటుతో 10 మంది, కరెంటు లేకుండా 20 మంది పనివాళ్ల నుంచి మొదలు. అంతకన్నా చిన్న సొంత షెడ్లు ఏఎస్‌యూఎస్ఈ (కంపెనీలుగా నమోదు కాని సంస్థల వార్షిక సర్వే)లో వస్తాయి. రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో కలిపితే గీత మధ్యలో విరుగుతుంది, కారణం పరిశ్రమలో ఉండదు. పైగా 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఫ్యాక్టరీ హద్దు 20, 40 అయింది. ముందు ముందు వచ్చే ఏళ్ల డేటాను పాతదానితో పోల్చేటప్పుడు ఇది గుర్తుండాలి.

కూకట్‌పల్లి_స్కాలర్

చాలా థాంక్స్ అండి. అయితే 384 పోయి, ఇంత లోతుగా కొలవగలిగినన్ని, సుమారు 24 యూనిట్లు సరిపోతాయా? అంత చిన్న శాంపిల్‌ను కమిటీ ఒప్పుకుంటుందా? రెండు అంశాలు తోస్తున్నాయి: ఒకటి కరెంటు ఆదా, రెండోది పెద్ద కొనుగోలుదారులు బిల్లులు ఆలస్యంగా చెల్లించడం. ఏది తీసుకోవాలి?

గుణకం

చిన్న శాంపిల్ అనే భయం తీసేయండి. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం ముంబై పక్క నేత మిల్లుల్లో మేనేజ్‌మెంట్ పద్ధతుల మీద చేసిన ప్రయోగం 17 సంస్థలకు చెందిన 28 ప్లాంట్లలోనే జరిగింది. 2013లో అచ్చయింది, మొదటి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగిందని తేల్చింది. ప్లాంట్లు తక్కువ, ఒక్కో ప్లాంటు నుంచి వారం వారం కొలతలు మాత్రం బోలెడు. బలం అక్కడుంది.

లెక్క ఇలా. ఒక్కో గుంపుకు కావలసిన యూనిట్లు = 16 × (విచలనం ÷ మీరు పట్టుకోవాలనుకున్న తేడా) వర్గం. ఇది 80 శాతం పవర్‌కు (తేడా నిజంగా ఉంటే దొరికే అవకాశానికి) మోటు సూత్రం. యూనిట్‌కూ యూనిట్‌కూ మధ్య కరెంటు వాడకం విచలనం సగటులో 30 శాతం, మీ తేడా 8 శాతం అనుకోండి: 16 × 14.06, అంటే గుంపుకు 225. అదే యూనిట్‌ను దాని పాత వాడకంతోనే పోల్చితే విచలనం 10 శాతానికి దిగొచ్చు. అప్పుడు 16 × 1.56, అంటే 25. ముందు ఎనిమిది వారాల బేస్‌లైన్ (ఏమీ మార్చక ముందటి కొలత) ఎందుకు తీయాలో కమిటీకి ఈ రెండు అంకెలే చెబుతాయి.

కరెంటు తీసుకుంటే ఒకే ఒక్క జోక్యం పెట్టుకోండి. "ఎనర్జీ ఎఫిషియెన్సీ" మొత్తం వద్దు. కంప్రెస్డ్ ఎయిర్ లీకులు చాలు. పని ఆగాక, గాలి వాడే మెషిన్లన్నీ ఆపి, కంప్రెసర్ ఒక్కటే నడపండి. లోడ్ అయిన సమయం, అన్‌లోడ్ అయిన సమయం స్టాప్‌వాచ్‌తో కనీసం ఐదు చక్రాలు రాయండి. లోడ్ 40 సెకన్లు, అన్‌లోడ్ 80 సెకన్లు వస్తే లీకు 40 ÷ 120, అంటే కెపాసిటీలో మూడో వంతు. లోడ్‌లో 16 కిలోవాట్లు లాగే స్క్రూ కంప్రెసర్ నెలకు 250 గంటలు నడిస్తే లీకులకు పోయేది 1,300 యూనిట్ల పైనే. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే పది వేల రూపాయల పైమాట. సబ్బు నీళ్లు, హోస్ క్లిప్పులు, క్విక్ కప్లర్లు, ఎఫ్ఆర్ఎల్ (గాలి ఫిల్టర్, రెగ్యులేటర్, లూబ్రికేటర్) డ్రెయిన్లు చూస్తే చాలావరకు దొరుకుతాయి. ఆ తర్వాత ప్రెషర్ సెట్టింగ్. ఒక బార్ తగ్గిస్తే కంప్రెసర్ కరెంటు 6 నుంచి 10 శాతం తగ్గుతుంది.

చెడిపోయేది ఎక్కడంటే, లైను చివర ఉన్న వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్)కి ప్రెషర్ చాలక అలారం కొడుతుంది. ఆపరేటర్ ఎవరికీ చెప్పకుండా సెట్టింగ్ పాత చోటికే తిప్పేస్తాడు. మీ రిపోర్టులో మాత్రం 6.5 బార్ అని ఉంటుంది. అందుకే లైను చివర గేజ్ పెట్టి, అక్కడ కావలసిన ప్రెషర్ తేల్చుకున్నాకే పైన తగ్గించాలి.

రెండో తప్పు: మొత్తం షెడ్డు బిల్లులో ఈ ఆదాను వెతకడం. ఆర్డర్లు నెలకు 15 శాతం అటూ ఇటూ ఊగే చోట 3 శాతం ఆదా కనపడదు. కంప్రెసర్‌కు విడిగా సీటీలతో (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లతో) త్రీ ఫేజ్ మీటర్ పెట్టాల్సిందే.

మూడోది మన ఊరి ఎండ. లోపలికి లాగే గాలి 4 డిగ్రీలు వేడెక్కితే అదే పనికి కరెంటు 1 శాతం పెరుగుతుంది. జనవరిలో బేస్‌లైన్ తీసి మే నెలలో ఫలితం కొలిస్తే మీ ఆదాలో కొంత ఎండ తినేస్తుంది. అందుకే యూనిట్లను నాలుగు గుంపులు చేసి ఆరు వారాల ఎడంతో ఒక్కో గుంపులో మొదలుపెట్టండి. మొదటి గుంపు మొదలైనప్పటి నుంచి ఆఖరిది మొదలయ్యేదాకా ఏ వారంలో చూసినా మొదలైనవీ మొదలవనివీ రెండూ ఉంటాయి, ఎండ ఇద్దరికీ సమానమే. గుంపులు వీధుల వారీగా చేయండి. ఒకే వీధిలో షెడ్లకు ఒకే కంప్రెసర్ మెకానిక్ తిరుగుతుంటాడు, ఒక చోట నేర్చుకున్నది పక్క గేటులో చేసేస్తాడు.

లేత్_షెడ్డు

ఇంకొకటి. దసరాకు, సంక్రాంతికి, హోలీకి వర్కర్లు ఊర్లకు పోతరు. బిహార్, ఒడిశా పిల్లలు ఛఠ్‌కు పోతే రెండు మూడు వారాలు రారు. గా వారాలు బేస్‌లైన్‌ల పడితే మీ లెక్క గంగల కలిసినట్టే. మార్చిల ఆర్డర్లు పొంగుతయి, గది వేరే.

రాబడి_రోజులు

రెండో అంశం, చెల్లింపుల ఆలస్యం. నా ఓటు దీనికే. ఇందులో చట్టం ఉంది, తేదీలు ఉన్నాయి, మీటర్లు బిగించే పని లేదు. డేటా ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పడి ఉంది.

చట్టం ముందు సరిగా చదవాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉంటే ఒప్పందంలోని గడువు, కానీ 45 రోజులు దాటకూడదు. లెక్క ఇన్వాయిస్ తేదీ నుంచి కాదు, సరుకు స్వీకరించిన రోజు నుంచి. అందిన 15 రోజుల్లో కొన్నవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే స్వీకరించినట్టు. 16వ సెక్షన్ ప్రకారం ఆలస్యానికి బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 5.5 శాతమైతే 16.5 శాతం. పది లక్షల బిల్లు మూడు నెలలు ఆలస్యమైతే వడ్డీ సుమారు 41,800 రూపాయలు. అడిగేవాడు అరుదు, అడిగితే తర్వాతి పర్చేజ్ ఆర్డర్ రాదు.

అందుకే సమాధాన్ (ఆలస్య చెల్లింపుల మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వ) పోర్టల్ ఫిర్యాదుల సంఖ్యతో ఆలస్యాన్ని కొలవకండి. సంబంధం తెగిపోయాకే చాలామంది ఫిర్యాదు చేస్తారు. అక్కడ కనపడేది తెగిన సంబంధాల జాబితా.

ప్రతి బిల్లుకూ ఒక వరుస. కావలసిన గడులు: సరఫరాదారు కోడ్, కొనుగోలుదారు కోడ్, ఇన్వాయిస్ తేదీ, మొత్తం, కొన్నవాడి గేటులోకి సరుకు వెళ్లిన తేదీ, జీఆర్ఎన్ (సరుకు అందిందని కొన్నవాడు రాసే రసీదు) తేదీ, ఒప్పందంలోని గడువు, ప్రతి చెల్లింపు తేదీ, మొత్తం, టీడీఎస్, డెబిట్ నోట్, రిజెక్షన్. గేటు తేదీకీ జీఆర్ఎన్ తేదీకీ మధ్య ఎడాన్ని విడిగా చూడండి. పెద్ద కొనుగోలుదారులు రోజులు లెక్కపెట్టేది జీఆర్ఎన్ నుంచి. క్వాలిటీ ఇన్‌స్పెక్షన్ పేరుతో జీఆర్ఎన్ పది రోజులు ఆపితే వాళ్ల లెక్కలో గడువు లోపలే చెల్లించినట్టు. ఆ పది రోజులే ఒక అధ్యాయం అవుతాయి.

కూకట్‌పల్లి_స్కాలర్

ఆదాయపు పన్ను చట్టంలో 43బి (హెచ్) వచ్చాక 45 రోజులు దాటితే కొన్నవాడికి పన్ను మినహాయింపు పోతుంది కదండీ. 2024 ఏప్రిల్‌కు ముందు, తర్వాత సగటు రోజులు పోల్చితే ప్రభావం తెలిసిపోదా?

రాబడి_రోజులు

అక్కడే చాలా వ్యాసాలు బోర్లా పడ్డాయి. మినహాయింపు పోదు, చెల్లించిన సంవత్సరానికి జరుగుతుంది. జులైలో తీసుకున్న సరుకుకు నవంబరులో డబ్బిస్తే గడువు దాటింది, కానీ అదే ఆర్థిక సంవత్సరం కాబట్టి కొన్నవాడికి పన్ను నష్టం సున్నా. కాబట్టి జులై బిల్లులు ఈ క్లాజు వల్ల వేగంగా కదులుతాయని ఆశించడానికి కారణమే లేదు.

నొప్పి మార్చి 31న. గడువు 45 రోజులనుకుంటే, ఫిబ్రవరి 14 లోపు స్వీకరించిన సరుకుకు గడువు మార్చి 31 లోపే తీరిపోతుంది (లీపు సంవత్సరంలో 15). ఎప్పుడో తీరిపోయినా సరే, మార్చి 31కి చెల్లిస్తే చాలు. ఆ తర్వాత స్వీకరించిన సరుకుకు మాత్రం ఏప్రిల్‌లోకి వెళ్లినా గడువు లోపలే చెల్లించాలి, లేకపోతే ఆ ఖర్చు మరుసటి ఏడాదికి పోతుంది. అంటే నిజమైన 45 రోజుల కట్టడి ఏడాదిలో ఒకటిన్నర నెల సరుకుకే ఉంది. ఒప్పందం లేనివాళ్లకు ఆ గీత మార్చి 16. రిటర్న్ దాఖలు దాకా ఆగే వెసులుబాటు మిగతా క్లాజుల్లో కొన్నింటికి ఉంది, దీనికి లేదు.

కాబట్టి పరికల్పన ఇలా రాయండి: ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి దాకా స్వీకరించిన సరుకుకు 45వ రోజు దగ్గర చెల్లింపులు గుంపుగా పడాలి, దానికి ముందు సరుకుకు మార్చి చివరి వారంలో గుంపుగా పడాలి, మే మధ్య నుంచి డిసెంబరు దాకా చెల్లింపుల తీరు పెద్దగా మారకూడదు. ఇది తప్పని తేలే అవకాశం ఉన్న పరికల్పన. "సుస్థిర పద్ధతులకూ పనితీరుకూ ధనాత్మక సంబంధం ఉంది" అన్నది ఎప్పటికీ ఓడిపోదు.

క్లాజు 2023 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి వర్తింపు. అంటే మొదటిసారి కరిచింది 2024 మార్చిలో. మీ "తర్వాత" కాలం 2024 ఏప్రిల్ నుంచి మొదలుపెడితే మొదటి దెబ్బే "ముందు" ఖాతాలో పడుతుంది. మార్చి హడావుడి ప్రతి ఏడాదీ ఉండేదే కాబట్టి 2022, 2023 మార్చిలతో 2024, 2025 మార్చిలను పోల్చండి. (2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం. సెక్షన్ నంబరు మారుతుంది, అధ్యాయంలో రెండూ రాయండి.)

పోలిక గుంపు: ఈ క్లాజు మైక్రో, స్మాల్ వాళ్లకే. మీడియం యూనిట్లకు లేదు, ఉద్యం ఉన్న వ్యాపారులకూ లేదు. ఒక గొయ్యి ఉంది, చూసుకోండి. 2025 ఏప్రిల్ 1న హద్దులు మారాయి. స్మాల్ హద్దు పది కోట్ల పెట్టుబడి, 50 కోట్ల టర్నోవర్ నుంచి 25 కోట్లు, 100 కోట్లకు పెరిగింది. నిన్నటి మీడియం ఇవాళ స్మాల్. బిల్లు తేదీ నాటి వర్గీకరణే వాడండి, ఇవాళ్టి సర్టిఫికెట్ చూసి కాదు.

గుణకం

అద్భుతం. దీనికి రెండు గణాంక జాగ్రత్తలు.

చెల్లింపు ఇంకా రాని బిల్లులను తీసేసి సగటు వేయకండి. వాటిలోనే అసలు ఆలస్యం ఉంది. తీసేస్తే ఇటీవలి నెలలు ఎప్పుడూ బాగున్నట్టు కనపడతాయి, ఎందుకంటే ఇటీవలి బిల్లుల్లో త్వరగా చెల్లించినవే "చెల్లించినవి"గా మిగిలాయి. సర్వైవల్ విశ్లేషణ (ఇంకా రానివాటిని కూడా కలుపుకుని, చెల్లింపు దాకా పట్టే కాలాన్ని లెక్కించే పద్ధతి) చేయండి. కాప్లాన్ మెయర్ వక్రం గీసి, 45వ రోజు నాటికి ఎంత శాతం బిల్లులు ఇంకా రాలేదో చెప్పండి. యజమానికీ అదే అర్థమవుతుంది. మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్ నుంచి డెటార్స్ రోజులు (బాకీలు వసూలు కావడానికి సగటున పట్టే రోజులు) లెక్కించడం ఇంకా దారుణం, ఏడాదిలో అందరూ ముఖం కడుక్కునే రోజది.

రెండోది, 30 యూనిట్లు, ఒక్కోదానికి 400 బిల్లులు, మొత్తం 12,000 వరుసలు చూసి మురిసిపోవద్దు. ఒకే యూనిట్ బిల్లులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఇంట్రా క్లాస్ కోరిలేషన్ (ఆ పోలికకు కొలత) 0.1 ఉన్నా డిజైన్ ఎఫెక్ట్ 1 + 399 × 0.1 = 40.9. మీ 12,000 నిజానికి 293 బిల్లుల విలువే. ప్రామాణిక దోషాలు యూనిట్ వారీగా క్లస్టర్ చేయాలి. బిల్లులు పెంచడం కాదు, యూనిట్లు పెంచండి: 30 నుంచి 45కి వెళ్తే లాభం, 400 నుంచి 800 బిల్లులకు వెళ్తే దాదాపు ఏమీ లేదు.

ప్రశ్నల_పుస్తకం

ఇంతసేపూ సర్వేను చావగొట్టారు, ఒక మాట దాని తరఫున. లెడ్జర్ "ఎప్పుడు" చెబుతుంది, "ఎందుకు" చెప్పదు. ఉద్యం రద్దు చేసుకోమని కొనుగోలుదారు అడిగాడా, ధర తగ్గిస్తే ముందే ఇస్తానన్నాడా, ట్రెడ్స్ (బిల్లు మీద ముందే డబ్బు దొరికే ఆన్‌లైన్ వేదిక)లో బిల్లు పెట్టడానికి ఒప్పుకున్నాడా, ఇవి అడిగితేనే వస్తాయి. ఎనిమిది ప్రశ్నలు చాలు. అన్నీ జరిగినవాటి గురించి, అభిప్రాయాల గురించి కాదు. "మీ కొనుగోలుదారు న్యాయంగా వ్యవహరిస్తారా" వద్దు, "గత 12 నెలల్లో ఎంతమంది కొనుగోలుదారులు డిస్కౌంట్ అడిగారు, ఎంత శాతం" అనండి.

తెలుగు కూడా చూసుకోండి. "సుస్థిరత" అనే మాట షెడ్డులో ఎవరికీ అంటదు. "స్క్రాప్ నెలకు ఎన్ని కిలోలు, ఎవరు కొన్నారు, కిలో ఎంతకు" అంటే టకటకా చెబుతారు. ప్లేటింగ్ యూనిట్లయితే నీళ్ల గురించి అభిప్రాయం అడగకండి, శుద్ధి ప్లాంటుకు వెళ్లిన ట్యాంకర్ల స్లిప్పులు లెక్కపెట్టండి. వాడేసిన ఆయిల్‌కు ఫారం 10 మానిఫెస్ట్ ఉండాలి. ప్రశ్నపత్రాన్ని ఐదుగురి చేత పైకి చదివించి, వాళ్లు ఏమర్థం చేసుకున్నారో సొంత మాటల్లో చెప్పించండి. మూడు ప్రశ్నలైనా అక్కడే రాలిపోతాయి.

లెడ్జర్ తీసుకుంటున్నారు కాబట్టి సమ్మతి పత్రం తెలుగులో ఒక పేజీ. ఇంకో సంగతి, జీఎస్‌టీఐఎన్‌ను (జీఎస్‌టీ నమోదు నంబరును) కోడ్‌గా ఉంచేసి "పేర్లు తీసేశాం" అంటారు కొందరు. అందులో మూడు నుంచి పన్నెండో అక్షరం దాకా పాన్ నంబరే. ప్రొప్రైటర్ అయితే అది ఆ మనిషి సొంత పాన్. తీసేసే ముందు ఆరో అక్షరం చూసుకోండి: పి అయితే వ్యక్తి, ఎఫ్ అయితే పార్ట్‌నర్‌షిప్, సి అయితే కంపెనీ. యాజమాన్య రకం అడగకుండానే వచ్చేస్తుంది. తర్వాత మొత్తం చెరిపేయండి.

కూకట్‌పల్లి_స్కాలర్

చెల్లింపుల అంశమే ఖాయం చేసుకుంటున్నాను. మిగిలింది శీర్షికలోని జాతీయాభివృద్ధి. ఆలస్యం వల్ల యూనిట్లకు పోతున్న వడ్డీని లెక్కించి, తెలంగాణలోని యూనిట్ల సంఖ్యతో హెచ్చవేస్తే దేశానికి నష్టం వస్తుందా, నీడ_ధర మేడమ్?

నీడ_ధర

రాదు. ఈ హెచ్చవేతను మీ పరీక్షకుల్లో ఎవరైనా అర్థశాస్త్రం వాళ్లుంటే వైవాలో తప్పక పట్టుకుంటారు.

ఏడాదికి మూడు కోట్ల అప్పు అమ్మకాలున్న యూనిట్ తీసుకోండి. పది రోజుల ఆలస్యం అంటే 3 కోట్లు ÷ 365 × 10, ఇరుక్కున్న డబ్బు 8.22 లక్షలు. క్యాష్ క్రెడిట్ 11 శాతమైతే ఏడాదికి సుమారు 90,400 రూపాయల వడ్డీ. యూనిట్‌కు ఇది నిజమైన నష్టం, ఆ అధ్యాయంలో ఇదే రాయండి.

కానీ ఆ 8.22 లక్షలు ఆవిరైపోలేదు, కొన్నవాడి ఖాతాలో ఉన్నాయి. వాడికి ఆ మేరకు అప్పు తగ్గింది. వాడు బ్యాంకులో 8.5 శాతానికి తెచ్చుకోగలిగితే దేశం మొత్తం మీద అదనపు ఖర్చు ఆ 2.5 శాతం తేడా మాత్రమే, అంటే సుమారు 20,500 రూపాయలు. మిగతా దాదాపు 70 వేలు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారాయి. అది అన్యాయం కావచ్చు, జాతీయ నష్టం కాదు. పెద్దవాడికి చౌకగా అప్పు దొరుకుతున్నప్పుడు ఖరీదైన అప్పు చేసేవాడితో వాడికి అప్పు ఇప్పించడం, ఇదే ఇందులోని అసలు వృథా.

దీని మీద ఇంకొకటి చేర్చొచ్చు: డబ్బు లేక వదులుకున్న ఆర్డర్లు, వాయిదా పడ్డ మెషిన్, ఆలస్యమైన జీతాలు. అవి కొలవగలిగితేనే చేర్చండి. జీతాల చెల్లింపు తేదీలు బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి, అక్కడ నుంచి మొదలుపెట్టొచ్చు. లక్ష్యాల్లో 8.3, 9.3 రెండూ దీనికి సరిగ్గా అతుకుతాయి. మూడో లక్ష్యం కోసం వెతకొద్దు. శీర్షికలో "జాతీయాభివృద్ధి" తీసేసి "చిన్న తయారీ యూనిట్ల నిర్వహణ మూలధనం" అని పెట్టినా మీ పని దేశానికే పనికొస్తుంది.

రాబడి_రోజులు

మేడమ్ లెక్కతో ఏకీభవిస్తాను, ఒక్క సవరణ. చాలా మైక్రో యూనిట్లకు 11 శాతం క్యాష్ క్రెడిట్ దొరకదు. బయట నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. అప్పుడు తేడా 2.5 కాదు, 15 శాతం పైన. కాబట్టి ప్రతి యూనిట్‌కూ ఆఖరి రూపాయి ఎక్కడి నుంచి, ఎంతకు వస్తోందో గడి ఒకటి పెట్టండి. జాతీయ అంకె మొత్తం ఆ గడి మీదే నిలబడుతుంది.

నీడ_ధర

ఒప్పుకున్నాను. ఆ గడి తప్పనిసరి.

లేత్_షెడ్డు

ఆఖరికి షెడ్డులకు ఎట్ల పోవాల్నో చెప్త. ఒక్కరే పోయి గేటు కాడ నిలవడకుండ్రి. వాడల అసోసియేషన్‌తోని గాని ఐలా (పారిశ్రామికవాడ స్థానిక సంస్థ) ఆఫీస్‌తోని గాని మాట్లాడి పోవాలె. నెలల 9 నుంచి 11, 18 నుంచి 20 తారీఖుల నడుమ అకౌంటెంట్ జోలికి పోవద్దు. జీఎస్‌టీఆర్-1, 3బి రిటర్నులు ఏసే దినాలు గవి, కండ్లెర్ర జేస్తడు. ప్రతి యూనిట్‌కు వాని సొంత లెక్క ఒక్క పేజీ తిరిగి ఇస్తనని చెప్పుండ్రి: ఏ కస్టమర్ ఎన్ని దినాలకు ఇస్తుండు, గేటు నుంచి జీఆర్ఎన్ దాక ఎన్ని దినాలు తింటుండు. గది చాలామందికి తెల్వదు, దానికోసమే లెడ్జర్ తీస్తరు.

పోంగనే మొదటి పని, ట్యాలీల బిల్‌వైజ్ డీటెయిల్స్ ఆన్ ఉన్నదా చూడుండ్రి. లేకుంటే వచ్చిన పైసలన్నీ ఆన్ అకౌంట్ అని పడి ఉంటయి, ఏ బిల్లుకు ఏ చెక్కో తెల్వది. పాత బిల్లు నుంచి వరుసగ కొట్టేసుకుంట పోవచ్చు గాని రిజెక్ట్ అయి ఆగిన బిల్లు గూడ చెల్లినట్టే కనవడ్తది. గసొంటి యూనిట్లు పదిల ఎన్ని ఉన్నయో ముందుగాల పది గేట్లు తిరిగి చూసుకుని, అప్పుడు 30 అంటరో 45 అంటరో సినాప్సిస్‌ల రాసుకోండ్రి.